గౌరీశ్వరి నిప్పు లేని పొయ్యి

1983వ సంవత్సరం జూలై తొమ్మిదో తేదీ, శనివారం. జ్యేష్ఠమాసపు చివరి రోజులు; మర్నాడు అమావాస్య. నాలుగు రోజులుగా ఆకాశం మబ్బు పట్టి ఉన్నది గాని చినుకు రాలలేదు. సముద్రం మీది గాలి మల్కాపురం దాకా వచ్చి, వచ్చిన పనేమిటో మరచిపోయినట్లు అక్కడే నిలిచిపోయింది. రేవులో ఇనుపఖనిజం ఓడలకెత్తే వైపునుండి లేచిన ఎర్రని ధూళి అరుగుల మీదా, ఆరవేసిన పంచెల మీదా, మూత పెట్టని మంచినీళ్ల బిందెల మీదా పలుచగా పరచుకొని ఉన్నది. ఆ ఊళ్లో చీపురుకు విశ్రాంతి లేదు.

ఆ మధ్యాహ్నం మూడు గంటల వేళ తవిటయ్య ఇంటి ముందు ఒక రిక్షా ఆగింది. మనిషి కూర్చోవలసిన చోట పెద్ద అట్టపెట్టె ఒకటి కూర్చొని ఉన్నది. దానిని రెండు చేతులా పొదివి పట్టుకొని శ్రీరామ్మూర్తి రిక్షా పక్కనే నడిచి వచ్చాడు. ఇతడు తవిటయ్య భార్య గౌరీశ్వరికి తమ్ముడు. సరుకుల ఓడ మీద వంటగదిలో పని. ఆరు నెలలు నీటి మీద, రెండు నెలలు నేల మీద గడిపేవాడు.

గుమ్మంలో నిలబడి ఉన్న నారాయణమ్మ పెట్టెను ఎగాదిగా చూసింది. ఆమె తవిటయ్యకు అప్ప, అనగా అక్క. ఉత్తరాంధ్రలో అక్కను అప్ప అనే పిలుస్తారు. అది నాకు వినడానికి ఇంపైన మాట.

"రేపు అమాస్య ఎట్టుకుని ఇయ్యాల కొత్త వస్తువేటిరా తెచ్చినావు?" అన్నది.

"ఓడకి అమాస్య తెలీదు వదినా. రేవులోకి ఎప్పుడొస్తే అప్పుడే మాకు పున్నమి."

"టీవీయా?"

"కాదు. పొయ్యి."

నారాయణమ్మ నవ్వలేదు. లోపల చాప మీద కూర్చొని బియ్యంలో రాళ్లు ఏరుతున్న గౌరీశ్వరి మాత్రం చేట మీద చెయ్యి అలాగే ఉంచి తల ఎత్తింది. పొయ్యి అన్న మాట ఆ ఇంట్లో ఆమె ఎదుట ఎవ్వరూ పలికి ఏడు నెలలయింది.

ఆ ఏడు నెలల సంగతి ముందు చెప్పాలి. గౌరీశ్వరి సబ్బవరం దగ్గరి రైతు ఇంట పుట్టింది. ఎనిమిదో తరగతి దాకా చదివింది. పెళ్లయి, రేవులో క్రేను నడిపే తవిటయ్య వెంట మల్కాపురం వచ్చింది. సంతానం లేదు; ఆ బెంగ పెట్టుకొనే కాలం కూడా దాటింది. ఆమెకు ఉన్న పేరంతా చేతివంట వల్ల వచ్చినదే. గుమ్మడికాయ దప్పళం కాచిన రోజున ఆ వీధిలో నలుగురైనా గిన్నెలు పట్టుకొని వచ్చేవారు. ఆవ పెట్టిన కూర ఘాటు మూడో ఇంటివారి ముక్కుకు తగిలేది. ఇటువంటి మనిషి 1982 డిసెంబరులో ఒక ఉదయం గంజి వారుస్తూ వారుస్తూ, కిరసనాయిలు స్టవ్వు మీదికి విరుచుకొని పడిపోయింది. మూర్ఛ. అంతకు మునుపు రెండు మార్లు వచ్చినా, నీరసం అనుకొని నిమ్మరసం తాగించి ఊరుకొన్నారు. ఈసారి ఎడమచెయ్యి మోచేతి నుండి మణికట్టు దాకా కాలింది.

పెద్దాసుపత్రిలో వైద్యుడు మాత్రలు రాసి ఇచ్చి, "నిప్పుకీ, నీటికీ, ఎత్తుకీ ఈమెని దూరంగా ఉంచండి" అన్నాడు. వైద్యుడు చెప్పినవి మూడు. ఇంటికి వచ్చేసరికి అవి ముప్పై అయ్యాయి. నుయ్యి, కత్తిపీట, రుబ్బురోలు, మేడమెట్లు, చివరకు దీపం వెలిగించే అగ్గిపెట్టె. ఇంటిపని చూడడానికి ఎలమంచిలి నుండి నారాయణమ్మ వచ్చింది. భర్త పోయిన మనిషి. కూతురి కాపురం కూడా ఎలమంచిలిలోనే. ప్రేమ గలది, పని గలది, మాట మీద మాట పడనివ్వనిది. మూర్ఛ వచ్చినప్పుడు గుప్పిట్లో ఇనుము పెడితే తగ్గుతుందని మన వైపు నమ్మకం గదా. అందుకని ఆమె తాళాలగుత్తి బొడ్డున దోపుకొని తిరిగేది. వంటింట్లో ఆ తాళాలు గలగలమంటూ ఉంటే, బయటి గదిలో గౌరీశ్వరి చేతులు ఒడిలో పెట్టుకొని కూర్చొనేది. ఆమె దాటరాని గీత వంటింటి గడప. ఎవరూ గీయలేదు, అందరికీ తెలుసు.

పెట్టె దిగిన మర్నాడు సత్యం వచ్చాడు. ఇతడు రేవులో ఎలక్ట్రీషియను, తవిటయ్యకు స్నేహితుడు, గోదావరి జిల్లా మనిషి. శ్రీరామ్మూర్తి తెచ్చిన యంత్రం జపానులో కొన్నది. ఆ దేశపు కరెంటు మన కరెంటులో సగం కూడా ఉండదు. అందుచేత సత్యం ఇటుకరాయి వంటి ట్రాన్స్‌ఫార్మరు ఒకటి భుజాన వేసుకొని వచ్చి, దానిని యంత్రానికీ గోడకూ నడుమ బిగించాడు. వంటింట్లో పెట్టడానికి చోటున్నా గౌరీశ్వరి ఏమీ అనక ముందే తవిటయ్య, "బయట గదిలోనే ఎట్టు సత్యం" అన్నాడు. కుట్టుమిషను తీసేసిన పొట్టి బల్ల మీద అది కుదురుకొన్నది. తెల్లని పెట్టె, ముందు గాజు తలుపు, పక్కన గుండ్రని మీట ఒకటి. మీటను ఎన్ని నిమిషాలకు తిప్పితే అన్ని నిమిషాలు నడిచి, 'ఠంగ్'మని గంట కొట్టి తనంతట తాను ఆగిపోతుంది.

శ్రీరామ్మూర్తి గాజుగ్లాసుతో నీళ్లు పెట్టి రెండు నిమిషాలు తిప్పాడు. లోపల దీపం వెలిగింది. తేనెటీగల రొద వంటి చప్పుడు. పొగ లేదు, మంట లేదు. రెండు నిమిషాలకు నీళ్లు మరిగాయి.

కాచడం, కాల్చడం, వేయించడం, వేచడం, మరిగించడం, మగ్గించడం అని మన భాషలో వంటకు ఇన్ని క్రియలు ఉన్నవి. ఒక్కొక్క క్రియ వెనుక ఒక్కొక్క రకపు సెగ. సెగ కనబడకుండా పని జరిగే ఈ పద్ధతికి మనవారు ఇంకా క్రియ పుట్టించలేదు. ఆ వీధివారు ఆ యంత్రాన్ని జపాను పొయ్యి అన్నారు. గౌరీశ్వరి దాన్ని పెట్టె అనేది.

ఆమె లేచి వెళ్లి తలుపు గాజు మీద అరచెయ్యి ఆనించింది. గోరువెచ్చగా ఉన్నది.

"ఇందులో నిప్పు నేదు కదరా?" అని తమ్ముణ్ణి అడిగింది.

"నేదప్పా. నిప్పు ఎక్కడా నేదు. నీళ్లు మటుకు సలసలా కాగుతాయి, అవి మీద పడితే ఒకటే. గంట కొట్టీ కొట్టగానే తియ్యకు. తలుపు తెరిసి పది నిమిషాలు అలగే వొదిలెయ్. ఆవిరి సావనీ."

ఆమె భర్త వైపు చూసింది. తవిటయ్య ఆమె ఎడమచేతి మీది మచ్చ వైపు చూశాడు.

"సూద్దాం," అన్నాడు.

ఓడ కదిలేలోగా శ్రీరామ్మూర్తి తెలిసినదంతా చెప్పాడు. లోపల ఏమీ లేకుండా నడపరాదు. మరచిపోయి ఎవరైనా తిప్పుతారేమోనని ఎప్పుడూ ఒక గాజుగ్లాసు నీళ్లు లోపల ఉంచాలి. గోడకు జానెడు ఎడంగా ఉండాలి, వెనుక ఊపిరి పీల్చుకొనే సందులు ఉన్నవి. గుడ్డ కప్పరాదు. ఇనుము, ఇత్తడి, స్టీలు, వెండి లోపలికి పోరాదు. పోతే మెరుపులు మెరుస్తాయి.

నారాయణమ్మ వంటింటి గుమ్మంలోంచి ఇదంతా విన్నది. "ఊరంతా స్టీలు ప్లాంటు స్టీలు ప్లాంటని కొట్టుకుంటంటే, నువ్వు స్టీలు ముట్టుకోని పొయ్యి తెచ్చినావా? మరి దేంట్లో వండుతాది, సేతుల్లోనా?"

ప్రశ్న న్యాయమైనదే. ఆ ఇంట్లో స్టీలు కానిది, ఇత్తడి కానిది ఏమున్నది? ఊరగాయ జాడీలు రెండు, గాజుగ్లాసులు నాలుగు. గౌరీశ్వరికి మట్టిచట్టి తట్టింది. కుమ్మరిచేత రెండు లోతుతక్కువ చట్లు తెప్పించింది. చట్టి పనికి వచ్చేదీ లేనిదీ తేల్చే ఉపాయం తమ్ముడు నేర్పాడు: గ్లాసుడు నీళ్లూ, పక్కనే ఖాళీ చట్టీ పెట్టి ఒక్క నిమిషం తిప్పితే, నీళ్లు వేడెక్కి చట్టి చల్లగా ఉంటే అది మంచిది. ఒక చట్టి నెగ్గింది. రెండవది కాలిపోయేంత వేడెక్కింది. మట్టిలో ఏమి కలిసిందో మరి. అందులో తులసి నాటారు.

మొదట్లో వేడిచేయడం మాత్రమే ఆమె పని. వదిన వండినది చల్లారితే మరల కాచి ఇచ్చేది. అది వంట కాదని ఆమెకు తెలుసు. పదిహేను రోజులకు ధైర్యం చేసి, బండపచ్చడికని వంకాయ ఒకటి పెట్టింది. కాయకు గాట్లు పెట్టలేదు; కత్తిపీట ముట్టరాదు గదా. అయిదో నిమిషాన లోపల టపాకాయ పేలినట్లు మోగింది. నారాయణమ్మ తాళాలు పట్టుకొని పరుగెత్తి వచ్చింది. వంకాయ గుజ్జు నాలుగు గోడలకూ, కప్పుకూ అంటుకొని ఉన్నది.

"నాను సెప్పినానా నేదా?" అన్నది నారాయణమ్మ.

"సెప్పినావు వదినా."

"ఏటి సెప్పినాను?"

గౌరీశ్వరి ఒక్క క్షణం ఆలోచించి, "ఏటో సెప్పే ఉంటావు," అన్నది. నారాయణమ్మ మూతి బిగించింది గాని చివరకు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

ఆ పెట్టెను శుభ్రం చేయడానికి గౌరీశ్వరి ఆ పూట అంతా వెచ్చించింది. గ్లాసు నీళ్లలో నిమ్మచెక్క వేసి మూడు నిమిషాలు తిప్పితే లోపలంతా ఆవిరి పట్టి, ఎండిన గుజ్జు మెత్తబడుతుందని తానే కనుక్కొన్నది. మెత్తని గుడ్డతో తుడిచింది. ఆనాటినుండి రోజూ ప్లగ్గు తీసి, లోపల తడిగుడ్డ, ఆ పైన పొడిగుడ్డ; ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా తలుపు అంచులు పొడిగా తుడవడం; రెండు పూటలా వెనుక సందుల మీది ఎర్రధూళి కోడియీకతో దులపడం. తలుపు మూసినప్పుడల్లా వరుసగా రెండు చిన్న చప్పుళ్లు వినబడేవి: టిక్, టిక్. ఆ రెండో టిక్కు వినిపించేదాకా ఆమె చెయ్యి తీసేది కాదు.

చేతులకు పని దొరికిన మనిషి ముఖం ఎట్లా మారుతుందో చూడవలసినదే గాని చెప్పడానికి అలవి కాదు. ఆగస్టులో ఆనపకాయ, సెప్టెంబరులో కంద. కూరలు వదిన తరిగి ఇచ్చేది. మిగిలినదంతా తన చేత జరిగేది. పోపు మాత్రం నారాయణమ్మ లోపల వేయించి తెచ్చి పైన పోసేది; పోసి, ఆగలేక గరిటె కూడా తానే తిప్పేది. గౌరీశ్వరి గరిటె కోసం చెయ్యి చాపి, చాపిన చెయ్యి మరల ఒడిలో పెట్టుకొనేది.

అక్టోబరు మొదటి వారంలో ఎలమంచిలి నుండి కబురు వచ్చింది. నారాయణమ్మ కూతురికి నెలలు నిండుతున్నవి. దసరా వెళ్లగానే తల్లి రావాలి, పురుడు వెళ్లి మూడు నెలలైనా ఉండాలి. ఆ సాయంత్రం అక్కాతమ్ముళ్లు అరుగు మీద కూర్చొని మాట్లాడుకొన్నారు. తలుపు వెనుక గౌరీశ్వరి వింటూనే ఉన్నది.

"గౌరిని సబ్బారం పంపించెయ్. ఆళ్ల పిన్నమ్మ ఉన్నాది. పొద్దుట నువ్వు డ్యూటీకెళ్తే ఈ ఇంట్లో దానికి తోడెవులు?" అన్నది నారాయణమ్మ.

"నువ్వు తిరిగొచ్చీ వరకేనా?"

"మరి తరవాత సూద్దాం."

తరువాత చూద్దాం అన్న మాటకు అర్థం గౌరీశ్వరికి తెలుసు. సబ్బవరంలో పిన్నమ్మ మంచిదే. ఆదరించి అన్నం పెడుతుంది. ఒక అరుగు చూపుతుంది. నిప్పు ముట్టరాని మనిషిగా ఆ అరుగెక్కినది మరల దిగి వచ్చి తన ఇంటిలో తన మగనికి తన చేత్తో వడ్డించడం ఉండదు. ఆమె బయటికి వచ్చింది.

"నాను ఎల్లను," అన్నది. ఆ గొంతు అంత స్థిరంగా వచ్చిందని ఆమెకే వింత తోచింది. "ఆ పెట్టె మీద మూడు పూటలా వండుకుంటాను. పోపు నేకపోతే నేదు."

తవిటయ్య చేతిలోని చుట్ట నలిపి అరుగు మీద పెట్టాడు. "సరే," అన్నాడు. "దసరా పండగ నాడు వంటంతా నువ్వే సెయ్. అప్ప సెయ్యి పెట్టదు. అన్నం, పప్పు, దప్పళం. ఏ ఇబ్బందీ నేకుండా జరిగితే నువ్విక్కడే ఉంటావు. జరగకపోతే మర్నాడు నాను నిన్ను బస్సెక్కిస్తాను. మరి ఏటీ అనకూడదు."

"అనను," అన్నది గౌరీశ్వరి.

పండుగ పదహారో తేదీ, ఆదివారం. ముందు రోజు మహర్నవమి. రేవులో పనిచేసేవారికి ఆయుధపూజను మించిన పండుగ లేదు. క్రేనుకు అరటిపిలకలు కడతారు, గుమ్మడికాయ కొడతారు. ఆ తరువాత ఎవరి ఇంటికి వారు వచ్చి, ఇంట్లో ఉన్న ఇనుమునంతా వరుసగా పేర్చి బొట్టు పెడతారు. తవిటయ్య తన స్పానర్లు, సైకిలు, టార్చిలైటు, గౌరీశ్వరి పాత కుట్టుమిషను తల, నారాయణమ్మ కత్తిపీట అన్నీ పూజకు పెట్టాడు. జపాను పెట్టెకు బొట్టు పెట్టే పని నారాయణమ్మ తాను తీసుకొన్నది. తెల్లారితే తన చేతిలోని గరిటె మరదలి చేతికి పోతుంది. ఆ సంగతి ఆమెకు ఇష్టమో కాదో ఎవరూ అడగలేదు. కాని ఆ సాయంత్రం ఆమె పెట్టె ముందు చాలాసేపు గొంతుకూర్చొని, ఎంతో శ్రద్ధగా పూజ చేసింది. గౌరీశ్వరి అప్పుడు పెరట్లో పువ్వులు గుచ్చుతూ ఉన్నది.

ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు గౌరీశ్వరి తలంటి పోసుకొని, నానబెట్టిన కందిపప్పు చట్టిలో పోసి, పెట్టెలో ఉంచి తలుపు మూసి మీట తిప్పింది. దీపం వెలగలేదు. రొద లేదు. మీట మాత్రం కిరకిరమంటూ తిరిగి వచ్చింది.

తవిటయ్య ప్లగ్గు ఊడదీసి మరల పెట్టాడు. ట్రాన్స్‌ఫార్మరు వెచ్చగానే ఉన్నది, కరెంటు వస్తున్నది. సత్యం కోసం సైకిలు మీద వెళ్లి పావుగంటలో తిరిగి వచ్చాడు. సత్యం పండుగకు రాజమండ్రి వెళ్లాడు; రెండు రోజుల దాకా రాడు.

"సచ్చిపోనాది," అన్నాడు తవిటయ్య, గోడకు ఆనుకొని. కోపం లేదు ఆ మాటలో. అది భార్యకు వినడానికి మరీ కష్టం. కాసేపటికి పూజలోని స్క్రూడ్రైవరు తీసుకొని, పెట్టె వెనుక చేరాడు. "వెనకాల ఇప్పి సూస్తాను."

"ముట్టుకోకు," అన్నది గౌరీశ్వరి.

పెళ్లయిన పదహారేళ్లలో ఆమె భర్తతో అట్లా అనడం అదే మొదలు. తవిటయ్య చెయ్యి ఆగిపోయింది.

"సత్యంగారు ఏటి సెప్పినారు? 'ప్లగ్గు తీసేసినా దీని కడుపులో కరెంటు దాక్కుని ఉంటాదండి, వెనకాల మూత మటుకు ఎవ్వరూ విప్పకండేం' అన్నారా నేదా? ఆ స్క్రూడ్రైవరు కింద ఎట్టు."

అతడు కింద పెట్టాడు.

గౌరీశ్వరి ప్లగ్గు తీయించి, పీట వేసుకొని పెట్టె ముందు కూర్చొన్నది. ఏమి చేయాలో ఆమెకూ తెలియదు. రోజూ చేసే పనే చేసింది: తలుపు తెరచింది, మూసింది. మరల తెరచింది, మూసింది. మూడోసారి చెవి దగ్గరగా పెట్టింది. టిక్. ఆ తరువాత మెత్తగా, గుడ్డ మీద వేలు తట్టినట్లు ఒక చప్పుడు. రెండో టిక్కు లేదు.

తలుపుకు పక్కన రెండు కొక్కెములు ఉన్నవి. అవి చట్రంలోని రెండు సన్నని సందుల్లోకి పోయి లోపలి మీటలను నొక్కుతాయి. నొక్కితే గాని యంత్రం కదలదు. తలుపు సరిగా మూయని వారి క్షేమం కోసం చేసిన ఏర్పాటు అది. ఆమె కిందిసందులోకి తొంగి చూసింది. లోపల పచ్చగా, గట్టిగా, సున్నపుగోడలా ఎండి ఉన్నది. పసుపు.

చట్రం చుట్టూ చూసింది. పెట్టెకు తలుపు ఉన్నది గనుక గడప ఉన్నది. గడప ఉన్నది గనుక నారాయణమ్మ, మన ఇళ్లలో పండుగనాడు ఏ ఇల్లాలైనా చేసే విధంగా, దానికి నిండుగా పసుపు పూసి, ఈ చివర నుండి ఆ చివర దాకా కుంకుమబొట్లు పెట్టింది. ముద్దపసుపు సందులోకి జారి, రాత్రికి రాత్రి బిగిసిపోయింది.

గౌరీశ్వరి వెనక్కు తిరిగి చూసింది. వంటింటి గుమ్మంలో నారాయణమ్మ నిలబడి ఉన్నది. ఆమెకూ అర్థమైంది.

"నాను సల్లగా ఉండాలని ఎట్టినానే," అన్నది నెమ్మదిగా. "గడప కదా అని."

"తెలుసు వదినా."

"నిన్ను పంపించీడానికి సేసినానని అనుకుంటావేమో."

"అలగ అనుకోను. టార్చిలైటు పట్టుకో. ఇలగ రా, నాకు సందులో కనబడతం నేదు."

నారాయణమ్మ వచ్చి మోకాళ్ల మీద కూర్చొని దీపం పట్టింది. గౌరీశ్వరి ఒక అగ్గిపుల్ల తెప్పించి, దాని కొసకు దూది చుట్టి, గోరువెచ్చని నీళ్లలో తడిపి పిండి, సందులో తిప్పసాగింది. నీరు కారిపోకుండా, తడి మాత్రమే అంటేటట్లు. పసుపు కొంచెం కొంచెంగా కరిగి దూదికి వచ్చేది. ఒక పుల్ల, రెండు పుల్లలు, పన్నెండు పుల్లలు. నారాయణమ్మకు చేతులు ఊరుకోలేదు.

"ఇటియ్యి, నాను తీస్తాను. నీ సెయ్యి వొణుకుతాంది."

"వొణకనీ వదినా. వొణుకుతూనే తీస్తాను. నువ్వు దీపం కదపకు."

నారాయణమ్మ దీపం కదపలేదు. దాదాపు గంటసేపు ఆమె అట్లాగే కూర్చొన్నది. పది నెలల కాలంలో ఆమె ఏ పనీ చేయకుండా ఒకరు చేస్తూంటే చూసిన గంట అదే అనుకొంటాను. చివరి పుల్ల తెల్లగా వచ్చింది. పొడి దూదితో మరల తుడిచి, అరగంట ఆరనిచ్చి, గౌరీశ్వరి తలుపు మూసింది.

టిక్, టిక్.

ప్లగ్గు పెట్టి మీట తిప్పగా లోపల దీపం వెలిగింది. తవిటయ్య పూజలోని అరటిపండు ఒకటి తీసి తొక్క ఒలవసాగాడు.

పప్పు పదకొండింటికి ఉడికింది. అన్నం రెండు విడతలుగా వండింది. రెండో విడత కొంచెం పలుకైంది. దప్పళంలో గుమ్మడి, వంకాయ, ములగకాడ. చింతపండు పులుసు, బెల్లపుముక్క. పోపు లేదు. ముగ్గురూ రెండు గంటలకు భోజనానికి కూర్చొన్నారు. నారాయణమ్మ దప్పళం నోట పెట్టుకొని, కళ్లు మూసి, తెరచి, "ఇంగువ నేకపోతే ఏటి దప్పళమే," అన్నది. తరువాత మరి రెండు గరిటెలు పోయించుకొన్నది. సోమవారం ఉదయపు పాసింజరుకు ఒంటరిగా ఎలమంచిలి వెళ్లిపోయింది.

ఇక్కడితో ముగిస్తే కథ బాగుండును. జీవితం కథ చెప్పినట్లు వినదు. మూర్ఛ మాత్రలకు తగ్గుతుంది గాని మాట ఇవ్వదు. నవంబరులో ఒకరోజు ఉదయం పదకొండు గంటలకు, తవిటయ్య డ్యూటీలో ఉండగా, గౌరీశ్వరి కందముక్కలు చట్టిలో వేసి పన్నెండు నిమిషాలకు మీట తిప్పింది. కళ్ల ముందు వెలుతురు తునకలు తునకలుగా విరగడం, నోట్లో రాగి రుచి రావడం ఆమెకు తెలిసిన గుర్తులే. బల్లకు దూరంగా జరిగి చాప మీద పడుకొనేటంత వ్యవధి మాత్రం దొరికింది.

మెలకువ వచ్చేసరికి గడప దగ్గర ఉండిన ఎండ గోడ ఎక్కి ఉన్నది. పెదవి కొరుకుకొన్నది, ఒళ్లంతా నొప్పులు. ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నది. పెట్టెలో దీపం లేదు. ఎప్పుడో గంట కొట్టి ఆగిపోయి ఉన్నది. చాలాసేపటికి లేచి తలుపు తెరచింది. కంద ఉడికి, చల్లారి, చట్టిలో బుద్ధిగా ఉన్నది. ఒక ముక్క తీసి నోట వేసుకొన్నది. ఉప్పు తక్కువైంది.

ఆ సంగతి దాచవచ్చును. పెదవి మీది గాటుకు ఏదో ఒక కారణం చెప్పవచ్చును. మూడింటికి తవిటయ్య రాగానే ఆమె చెప్పేసింది. అతడు ముందు ఆమె రెండు చేతులూ పట్టుకొని తిప్పి తిప్పి చూశాడు.

"ఎక్కడైనా కాలిందేటి?"

"నేదు."

"కూరో?"

"ఉడికింది. ఉప్పే తక్కువ."

అతడు కాళ్లు కడుక్కొని వచ్చి పీట మీద కూర్చొన్నాడు. ఆమె వడ్డించింది. సగం తిన్న తరువాత తల ఎత్తకుండా, "అప్పని రమ్మని రాయమంటావా?" అన్నాడు.

"వదినని సూడాలనుంటే రమ్మను. వంట కోసమైతే వద్దు."

"అయితే సంక్రాంతెల్లినాక రాస్తాన్లే," అన్నాడు తవిటయ్య. కూర మరికొంచెం అడిగి వేయించుకొన్నాడు.

ఆ పైన గౌరీశ్వరి బ్రతుకులో చెప్పుకోదగిన విశేషాలు జరగలేదు. రోజూ వండింది, రోజూ తుడిచింది. ఆ పెట్టె తలుపు కింద రెండు చోట్ల ఉప్పుగాలికి తుప్పు చుక్కలు వస్తే సత్యం గీకి రంగు వేశాడు. నారాయణమ్మ ఏడాదికొకసారి చుట్టపుచూపుగా వచ్చి, వడ్డించుకొని తిని, ఇంగువ సంగతి గుర్తుచేసి వెళ్లేది. 1989లో ఆమె ఎలమంచిలి నుండి పెద్ద మనవడి చేత ఒక ఉత్తరం రాయించింది. పక్కింటి నూకాలు అనే పదహారేళ్ల పిల్లకు ఫిట్సు వస్తున్నవట. ఇంటివారు వంటింటి ఛాయలకు రానీయక గొడ్లసాల పక్కన కూర్చోబెడుతున్నారట. ఆ పెట్టె వంటిది ఎక్కడ దొరుకుతుందో, ఎట్లా వాడాలో తెలుపమని. దానికి గౌరీశ్వరి రాసిన జవాబు ఇది.

*

మల్కాపురం,
5-2-1989.

గౌరవనీయులైన వదినగారికి మీ మరదలు గౌరీశ్వరి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను.

మీ ఉత్తరం చదివి ఆ పిల్ల సంగతి మీ తమ్మునితో చెప్పాను. అలాంటి పెట్టెలు ఇప్పుడు హైదరాబాదులో అమ్ముతున్నారని సత్యంగారు అన్నారు. ఆ పిల్లకి అంత దూరం ఎవరు వెళ్లి తెస్తారు? మాదే తెస్తున్నాము. నాకు మూడేళ్లుగా ఫిట్సు రాలేదు. గాసు పొయ్యి దగ్గర నిలబడొచ్చని డాక్టరు గారు పోయిన ఏడే చెప్పారు. అయినా అలవాటు వల్ల దానిమీదే వండుతూ వచ్చాను. ఇంక దాని అవసరం నాకంటే ఆ పిల్లకి ఎక్కువ.

ఒక మాట వాళ్ల అమ్మకి గట్టిగా చెప్పండి. ఆ పెట్టె మందు కాదు. మాత్రలు ఒక్క పూట కూడా మానకూడదు. పెట్టె ఎత్తుగా పెట్టొద్దు, పిల్ల పీట మీద కూర్చుంటే చెయ్యి అందేలాగ ఉండాలి. గంట కొట్టిన తరవాత తలుపు తెరిచి పది నిమిషాలు ఆగి తియ్యాలి. కాయ ఏదైనా ముందు గాటు పెట్టాలి, గుడ్డు పెంకుతో పెట్టకూడదు. స్టీలు గిన్నెలు వద్దు, నా చట్టి తెస్తున్నాను. లోపల ఎప్పుడూ గాజుగ్లాసుడు నీళ్లు ఉండాలి. రోజూ ప్లగ్గు తీసి తుడవాలి, వెనకాల మూత విప్పకూడదు. ఇవన్నీ ఆ పిల్లకే నేర్పుతాను, వాళ్ల అమ్మకి కాదు. నాలుగు రోజులు మీ దగ్గర ఉంటాను.

వదినా, మీరు ఆ పిల్లకి తోడు కూర్చోండి. తోడు కావాలి, ఒంటరిగా వదలొద్దు. కాని పక్కన కూర్చుని చూస్తూ ఉండండి. కూర అడుగంటినా, ఉప్పు ఎక్కువైనా దాని చేతిలో గరిటె దానికే ఉంచండి. నాకప్పుడు కాలిన చెయ్యి ఆరు వారాల్లో మానింది. చేతులు ఊరికే ఒళ్లో పెట్టుకుని కూర్చున్న బాధ చాలా కాలం మానలేదు. ఇది మిమ్మల్ని తప్పు పట్టడానికి రాయలేదు. మీరు చేసినదంతా నా మంచికే చేశారు, అది నాకు తెలుసు. మీరు కాకపోతే ఈ మాట ఇంకెవరికీ రాయను.

వచ్చే బుధవారం ఉదయం పాసింజరుకి వస్తున్నాము. పెట్టె, ట్రాన్స్‌ఫార్మరు కలిపి బాగా బరువు. స్టేషనుకి ఇద్దరు మనుషుల్ని పంపించండి. వీలైతే ఆ పిల్లని కూడా రమ్మనండి.

ఇట్లు
గౌరీశ్వరి